ఒకే నంబరు - వేర్వేరు కార్యాలయాలు: ఎక్స్‌టెన్షన్ నంబర్ల అనుసంధానానికి ప్రణాళిక ఆవశ్యకత

నెల్లూరు: జిల్లా కేంద్రంలోని కార్యాలయాన్ని, డివిజన్ కేంద్రాలలోని కార్యాలయాలను ఒకే అంతర్గత టెలిఫోన్ వ్యవస్థ కిందకు తీసుకురావాలని నిర్ణయించినప్పుడు మొట్టమొదట ఎదురయ్యే చిక్కు యంత్రాలది కాదు, నంబర్లది. ప్రతి కార్యాలయం తన ఈపీఏబీఎక్స్‌ను వేర్వేరు సంవత్సరాలలో, వేర్వేరు సరఫరాదారుల ద్వారా, తన అవసరం మేరకు ఏర్పాటు చేసుకొని ఉంటుంది. దాదాపు అందరూ 201తోనో, 101తోనో మొదలుపెడతారు. ఫలితంగా నెల్లూరులో 205 ఒక సెక్షన్‌కు, కావలిలో 205 మరొక సెక్షన్‌కు, గూడూరులో 205 ఇంకొక గదికి చెందుతాయి. ఎవరికి వారు విడిగా ఉన్నంత కాలం ఇందులో దోషమేమీ లేదు. తీగ కలిపిన నాడే సమస్య మొదలవుతుంది. (ఈ వ్యాసంలో ఇచ్చిన ఎక్స్‌టెన్షన్ నంబర్లు వివరణ కోసం మాత్రమే.)

తీరప్రాంత జిల్లాలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. 1984 నవంబరులో శ్రీహరికోట సమీపంలోను, 1989 నవంబరులో కావలి సమీపంలోను తీవ్ర తుపానులు తీరం దాటిన విషయం విదితమే. 2021 నవంబరులో పెన్నా వరద పోటెత్తినప్పుడు పడుగుపాడు వద్ద రైలు మార్గం కొట్టుకుపోయింది, జాతీయ రహదారిపై రాకపోకలు స్తంభించాయి. అంటే పెన్నకు ఉత్తరాన ఉన్న కావలి ప్రాంతానికి, దక్షిణాన ఉన్న జిల్లా కేంద్రానికి నడుమ మనిషి ప్రయాణించే ప్రధాన దారి మూసుకుపోయింది. అటువంటి రాత్రి వరద విభాగం కోసం నొక్కిన మూడు అంకెలు ఖాళీగా ఉన్న మరొక గదిలో గంట మోగిస్తే, ఆ ఫోను ఎవరూ ఎత్తరు. చేసినవారు మాత్రం అవతల సిబ్బంది లేరనే అనుకుంటారు.

ఎస్‌టీడీ కోడ్ చెప్పే పాఠం

ఒకే నంబరు అనేక చోట్ల ఉండటం కొత్త సమస్య కాదు. దేశంలో 1960 నవంబరులో లక్నో - కాన్పూరు మధ్య తొలి ఎస్‌టీడీ సౌకర్యం ప్రారంభమైన నాటి నుండి దీనికి పరిష్కారం మన కళ్ళ ముందే ఉంది. నెల్లూరు కోడ్ 0861. ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని ఇతర పట్టణాలకు 0862తో మొదలయ్యే కోడ్‌లు కేటాయించారు: ఉదయగిరికి 08620, కోవూరుకు 08622, సూళ్లూరుపేటకు 08623, గూడూరుకు 08624, వెంకటగిరికి 08625, కావలికి 08626, ఆత్మకూరుకు 08627. కావలిలో ఉన్న ఆరు అంకెల నంబరే గూడూరులోనూ ఉండవచ్చు. ముందున్న కోడ్ వాటిని వేరు చేస్తుంది. ముందరి సున్నాను మినహాయిస్తే నెల్లూరు కోడ్‌లో మూడు అంకెలు, చందాదారు నంబరులో ఏడు అంకెలు. కావలి కోడ్‌లో నాలుగు, చందాదారు నంబరులో ఆరు. ఎక్కడైనా మొత్తం పది అంకెలే కావడం గమనార్హం. పెద్ద ఊరికి కోడ్ చిన్నదిగా ఉంటుంది, చందాదారులకు ఎక్కువ నంబర్లు మిగులుతాయి. కార్యాలయాల నంబర్ల పట్టిక తయారుచేసేవారు కూడా ఇదే లెక్క వేసుకోవాలి.

జిల్లా అత్యవసర సేవల నంబరు 1077 ఇందుకు మరింత చక్కని ఉదాహరణ. ఈ నంబరు అన్ని జిల్లాలలోనూ ఒకటే. నెల్లూరులో ఉన్నవారు 1077 చేస్తే నెల్లూరు కంట్రోల్ రూముకు చేరుతుంది. చెన్నైలో ఉన్న కుమారుడు మైపాడులోని తల్లిదండ్రుల కోసం అదే నంబరు చేస్తే అది చెన్నై అధికారులకు చేరుతుంది. బయటి ఊరి నుండి చేసేవారు ఎస్‌టీడీ కోడ్ జతచేసి 0861-1077 అని చేయాలి. తుపాను సమయంలో విడుదలయ్యే ప్రకటనలలో 1077 అని మాత్రమే ప్రచురించి కోడ్‌ను వదిలివేయడం తరచు కనిపించే లోపం. పాత్రికేయులు ఈ విషయం దృష్టిలో ఉంచుకోవలసి ఉంది.

1077 నుండి మరొక సంగతి కూడా గ్రహించవచ్చు. నంబర్లు కలిసిపోవడం ప్రతిసారీ తప్పు కాదు, కొన్నిచోట్ల అదే కావాలి. ప్రతి కార్యాలయంలోనూ కంట్రోల్ రూముకు ఒకే ఎక్స్‌టెన్షన్, ఉదాహరణకు 777, కేటాయిస్తే బదిలీపై వచ్చిన ఉద్యోగి కూడా మొదటి రోజునే దానిని గుర్తుంచుకోగలడు. కార్యాలయంలో ఉండి 777 చేస్తే స్థానిక కంట్రోల్ రూము, ముందు స్థలం కోడ్ జతచేస్తే అవతలి ఊరి కంట్రోల్ రూము. ఆలోచించి ఉంచిన సామ్యం వేరు, అనుకోకుండా ఏర్పడిన సామ్యం వేరు.

మూడు మార్గాలు

కలిసిపోయిన నంబర్లను విడదీయడానికి ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. మొదటిది అందరి నంబర్లూ మార్చివేసి, ఏ రెండు కార్యాలయాలలోనూ ఒకే ఎక్స్‌టెన్షన్ లేకుండా చేయడం. చూడటానికి ఇదే శుభ్రమైన పద్ధతి. కానీ లెటర్‌హెడ్లు, నోటీసు బోర్డులు, పౌర సేవా పత్రాలు, వందలాది మంది జ్ఞాపకాలు అన్నీ మారాలి. అయిదారు కార్యాలయాల వరకు ఇది సాధ్యమే. ఉమ్మడి నెల్లూరు వంటి 46 మండలాల జిల్లాలో ఇది చేపట్టడం అనవసర ప్రయాస.

రెండవది ఉన్న నంబర్లను ముట్టుకోకుండా, ఘర్షణ పడిన వాటిని మాత్రమే యంత్రంలో అనువదించడం. అంటే కావలి 205ను నెల్లూరు వారు 605గా, గూడూరు వారు 405గా చేస్తారన్నమాట. ఖర్చు తక్కువ, ప్రారంభం సులభం. అయితే ఒకే గదికి ఒక్కొక్క ఊరి నుండి ఒక్కొక్క నంబరు ఏర్పడుతుంది. ఆ పట్టికను తయారుచేసిన సాంకేతిక నిపుణుడు వెళ్ళిపోయిన మరుసటి సంవత్సరం దానిని విప్పి చెప్పగలవారు ఉండరు. తాత్కాలిక ఏర్పాటుగా తప్ప దీనిని ఆశ్రయించకపోవడమే మంచిది.

మూడవది స్థలం కోడ్ పద్ధతి. కార్యాలయం లోపల పాత మూడంకెల నంబర్లే కొనసాగుతాయి. వేరే ఊరికి చేసేటప్పుడు మాత్రం ఒక ప్రవేశ అంకె, ఆ తరువాత స్థలం కోడ్, ఆ తరువాత ఎక్స్‌టెన్షన్ చేయాలి. అనేక కార్యాలయాలున్న వ్యవస్థకు ఇదే తగినది.

ప్రవేశ అంకె ఎందుకన్న ప్రశ్న సహజం. కావలి స్థలం కోడ్ 26 అనుకొని, నెల్లూరు నుండి నేరుగా 26205 చేయవచ్చు కదా అనిపిస్తుంది. నెల్లూరులో 262 అనే ఎక్స్‌టెన్షన్ ఉంటే ఇక్కడే చిక్కు వస్తుంది. వినియోగదారు 2, 6, 2 నొక్కగానే యంత్రానికి సందేహం కలుగుతుంది: ఇంతటితో అయిపోయిందా, ఇంకా అంకెలు రావలసి ఉన్నాయా? కొన్ని యంత్రాలు వెంటనే 262కు కలుపుతాయి, అప్పుడు కావలికి ఎన్నటికీ కాల్ వెళ్ళదు. మరికొన్ని కొన్ని సెకన్లు వేచి చూస్తాయి, అప్పుడు పక్క గదికి చేసిన ప్రతి కాల్ ఆలస్యమవుతుంది. ఫోను చెడిపోయిందన్న ఫిర్యాదులలో కొన్నింటికి మూలం ఈ నిరీక్షణే. మొదటి అంకెతోనే దారి తేలిపోయేటట్లు చేస్తే ఈ సందేహానికి తావుండదు.

మొదటి అంకె పంపకం

కనుక ప్రణాళికలో అత్యంత విలువైన ఆస్తి మొదటి అంకె. మొత్తం పదే ఉన్నాయి. మన కార్యాలయాలలో 0 బయటి లైనుకు, 9 ఆపరేటరుకు వాడటం ఆనవాయితీ. 8ని కార్యాలయాల మధ్య కాల్స్‌కు కేటాయిస్తే, స్థానిక ఎక్స్‌టెన్షన్లకు 2 నుండి 7 వరకు మిగులుతాయి. అంటే మూడంకెల పద్ధతిలో ఒక్కొక్క కార్యాలయానికి 600 నంబర్లు. జిల్లాలో ఏ కార్యాలయానికైనా ఇవి చాలు.

మిగిలినది 1. దీనిని ఎట్టి పరిస్థితిలోనూ ఎక్స్‌టెన్షన్లకు ఇవ్వరాదు. పోలీసు 100, అగ్నిమాపక 101, అంబులెన్సు 108, ఏకీకృత అత్యవసర సేవ 112, చైల్డ్‌లైన్ 1098, పైన చెప్పిన 1077 అన్నీ ఒకటితోనే మొదలవుతాయి. రాష్ట్రంలో 108 సేవ 2005 ఆగస్టు 15న ప్రారంభమైంది. అంతకు ముందు 101 నుండి 199 వరకు ఎక్స్‌టెన్షన్లు ఇచ్చుకున్న పాత కార్యాలయాలలో 108 అనేది ఒక గుమాస్తా బల్లమీది ఫోనై ఉండవచ్చు. అక్కడ ఎవరికైనా గుండెనొప్పి వచ్చి సహోద్యోగి ఆత్రుతతో 108 నొక్కితే మోగేది ఆ బల్లమీది ఫోనే.

ఇది ఊహాజనితమైన భయం కాదు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో 2013లో ఒక హోటల్ గదిలో తల్లిపై దాడి జరుగుతుండగా తొమ్మిదేళ్ళ బాలిక అత్యవసర సేవ 911కు పలుమార్లు ఫోను చేసింది. బయటి లైను కోసం ముందుగా మరొక అంకె నొక్కాలని ఆ చిన్నారికి తెలియదు. కాల్ బయటకు పోలేదు, తల్లి మరణించింది. ఆ ఘటన కారణంగా రూపొందిన చట్టంపై 2018 ఫిబ్రవరిలో సంతకమైంది. 2020 ఫిబ్రవరి 16 నుండి అది అమలులోకి వచ్చింది. బహుళ లైన్ల టెలిఫోన్ వ్యవస్థలలో ముందు ఏ అంకె లేకుండానే 911 పనిచేయాలని అది నిర్దేశిస్తుంది. మన కార్యాలయాలలో కూడా 108 అని చేసినా, అలవాటు కొద్దీ 0 జోడించి 0108 అని చేసినా కాల్ అంబులెన్సు సేవకే చేరేటట్లు యంత్రంలో ఏర్పాటు చేయడం కష్టమేమీ కాదు. ఎస్‌టీడీ నిరోధానికి తాళం వేసిన ఫోన్లకు సైతం ఈ మినహాయింపు ఉండాలి.

స్థలం కోడ్ ఎంపిక

స్థలం కోడ్‌ను 1, 2, 3 అని వరుసగా ఇచ్చుకుంటూ పోవడం కంటే, ప్రజలకు ఇప్పటికే తెలిసిన ఎస్‌టీడీ కోడ్ చివరి రెండు అంకెలను తీసుకోవడం మేలు. అప్పుడు కావలి 26, గూడూరు 24, ఆత్మకూరు 27 అవుతాయి. నెల్లూరుకు 61. ఒకే ఊరిలో అనేక కార్యాలయాలు ఉంటాయి కనుక దాని వెంట కార్యాలయాన్ని తెలిపే మరొక అంకె అవసరం. కావలిలోని ఒకటవ కార్యాలయంలో 205కు నెల్లూరు నుండి చేయవలసింది 8-26-1-205. ఏడంకెలు, అంటే నెల్లూరు ల్యాండ్‌లైన్ నంబరంత పొడవు. జిల్లా కేంద్రంలో కార్యాలయాలు పదికి మించి ఉంటాయి. అందుకు 61 నుండి 69 వరకు అన్నీ నెల్లూరుకే ఉంచితే 90 కార్యాలయాలకు చోటు దొరుకుతుంది. పైన చెప్పిన ఇతర పట్టణాల కోడ్‌లన్నీ 20 నుండి 29 లోపే ఉండటం వలన వాటితో ఘర్షణ రాదు.

ఈ ఎంపికకు మరొక సమర్థన ఉంది. పరిపాలన హద్దులు మారతాయి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి, ప్రకాశం జిల్లా నుండి కందుకూరు నెల్లూరులో చేరింది. కానీ గూడూరు కోడ్ 08624గానే, కందుకూరు కోడ్ 08598గానే నిలిచాయి. డివిజన్ వరుస సంఖ్యను బట్టి స్థలం కోడ్ ఇచ్చి ఉంటే నాటి ఉత్తర్వుతో పట్టిక అంతా తిరగరాయవలసి వచ్చేది. ఊరిని బట్టి ఇచ్చి ఉంటే కందుకూరుకు 98 అని ఒక వరుస చేర్చుకుంటే సరిపోయేది. అయితే రెండంకెల కోడ్ ఒక జిల్లా వరకే నిలుస్తుంది. రాష్ట్రమంతటికీ ఒకే పట్టిక కావాలంటే జిల్లాను సూచించే అంకెలు ముందు చేరాలి, అందుకు ఇప్పటి నుండే ఖాళీ ఉంచాలి.

మండల కార్యాలయాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఒకటి రెండు లైన్లు తప్ప ఈపీఏబీఎక్స్ లేనిచోట ఆ ఫోనునే డివిజన్ కార్యాలయపు ఎక్స్‌టెన్షన్‌గా నమోదు చేస్తే చాలు.

ఫోను తెర మీద ఏమి కనిపించాలి

నంబర్ల పట్టిక ఎంత చక్కగా తయారైనా ఎక్కువగా మరచిపోయే అంశం ఒకటి ఉంది. కావలి 205 నుండి నెల్లూరుకు కాల్ వస్తే ఫోను తెర మీద ఏమి కనిపిస్తుంది? ఏ జాగ్రత్తా తీసుకోకపోతే 205 అని మాత్రమే కనిపిస్తుంది. ఆ సమయంలో అధికారి సమావేశంలో ఉండి, తిరిగి వచ్చి ఆ మిస్డ్ కాల్‌కు బదులు చేస్తే అది నెల్లూరు 205కే వెళుతుంది. అక్కడివారు తాము చేయలేదంటారు. చేసినవారు మాత్రం తిరిగి ఫోను వస్తుందని ఎదురు చూస్తూ ఉంటారు. కాబట్టి కార్యాలయం గడప దాటే ప్రతి కాల్‌కు చేసినవారి పూర్తి నంబరు 8-26-1-205 రూపంలో చేరేటట్లు పంపే వైపునే జతపరచాలి. కాల్ ఫార్వర్డ్, ఫాక్సు, జ్ఞాపకంలో దాచుకున్న నంబర్లు అన్నింటికీ ఇదే సూత్రం. పరీక్షించేటప్పుడు కాల్ కలిసిందా అని మాత్రమే కాక, తిరిగి చేస్తే అదే గదికి చేరిందా అని కూడా చూడాలి.

లైను తెగినప్పుడు

రాష్ట్ర కేంద్రం నుండి జిల్లా కేంద్రానికి, అక్కడి నుండి మండల స్థాయికి కనీసం 2 ఎంబీపీఎస్ సామర్థ్యంతో లైన్లు వేసే రాష్ట్రవ్యాప్త నెట్‌వర్క్ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2005 మార్చిలో ఆమోదించింది. ఆ తరువాత కంప్యూటర్ సమాచారం వెళ్ళే లైను మీదే మాటను కూడా పంపడం సాధారణమైంది. ఒకప్పుడు ఇందుకు ప్రధాన ప్రేరణ ఎస్‌టీడీ ఖర్చు. 2006 మార్చి 1న బీఎస్‌ఎన్‌ఎల్ దేశమంతటికీ నిమిషానికి ఒక రూపాయి చొప్పున వన్ ఇండియా పథకం ప్రవేశపెట్టిన తరువాత ఆ ప్రేరణ బలహీనపడింది. సరైన మనిషి వెంటనే దొరకడమే ఇప్పుడు ముఖ్యమైన ప్రయోజనం.

అందుకే లైను తెగితే ఏమిటన్న ప్రశ్నకు సమాధానం పట్టికలోనే ఉండాలి. 8-26-1-205 చేసినప్పుడు అంతర్గత లైను పనిచేయకపోతే యంత్రమే దానిని కావలి కార్యాలయపు సాధారణ టెలిఫోన్ నంబరుగా మార్చి 08626 ద్వారా పంపగలగాలి. వినియోగదారు వేరే నంబరు వెతుక్కోనవసరం లేదు. అవతల నేరుగా ఎక్స్‌టెన్షన్‌కు చేరే సౌకర్యం లేకపోతే కాల్ ఆపరేటరు వద్దకు వెళుతుంది, కనుక తుపాను రాత్రి ఆ బల్ల వద్ద మనిషి ఉండాలి. ఒక హెచ్చరిక: అంతర్గత లైను మీద వచ్చిన కాల్‌ను అవతలి ఊరిలో బయటి టెలిఫోన్ వ్యవస్థలోకి మళ్ళించి ఎస్‌టీడీ రుసుము తప్పించుకోవడాన్ని దేశంలో టెలికాం నిబంధనలు చాలాకాలం నిషేధించాయి. అటువంటి దారి పట్టికలో పెట్టే ముందు అమలులో ఉన్న నిబంధనలను సరిచూసుకోవాలి.

నియంత్రణ యంత్రం అంతా ఒకే చోట ఉంచి, మిగిలిన ఊళ్ళలో ఫోన్లు మాత్రమే పెట్టడం పొదుపుగా కనిపిస్తుంది. లైను తెగిన నాడు ఒకే వరండాలోని రెండు గదులు కూడా మాట్లాడుకోలేని స్థితి అప్పుడు ఏర్పడవచ్చు. మూడంకెల స్థానిక కాల్స్ అయినా ఊరిలోనే నడిచే ఏర్పాటు ప్రతి డివిజన్ కార్యాలయంలో ఉండాలి. విద్యుత్తు విషయం కూడా ఇటువంటిదే. పాత ఫోను ఎక్స్‌చేంజీ నుండి తీగ ద్వారా వచ్చే 48 వోల్టుల విద్యుత్తుతో నడిచేది, ఊరంతా చీకటైనా మోగేది. నేటి ఐపీ ఫోనుకు స్విచ్, స్విచ్‌కు యూపీఎస్ కావాలి. కార్యాలయానికి జనరేటరు ఉన్నదనుకొని, మెట్ల కింద పెట్టెలో ఉన్న స్విచ్‌ను దానికి కలపని సందర్భాలు ఉంటాయి. ఈ పరిశీలనకు నిపుణులు అవసరం లేదు, మెయిన్ ఆపివేసి ఫోను ఎత్తి చూస్తే తెలుస్తుంది. ఇన్ని ఏర్పాట్లు చేసినా వైర్‌లెస్ సెట్లు, శాటిలైట్ ఫోన్లు సిద్ధంగా ఉంచుకోవలసిందే.

మార్పిడికి తగిన కాలం

పాత పద్ధతి నుండి కొత్త పద్ధతికి ఒక్క రాత్రిలో మారడం కంటే కొంతకాలం రెండింటినీ నడపడం శ్రేయస్కరం. బ్రిటన్‌లో 1995 ఏప్రిల్ 16న దాదాపు అన్ని పట్టణాల కోడ్‌లలో తొలి సున్నా తరువాత 1 చేర్చినప్పుడు, అంతకు ముందు కొన్ని నెలల పాటు పాత, కొత్త కోడ్‌లు రెండూ పనిచేశాయి. మన దేశంలో 2021 జనవరి 15 నుండి ల్యాండ్‌లైన్ ద్వారా మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా తప్పనిసరి అయింది. సున్నా లేకుండా చేసినవారికి ఆ విషయం తెలిపే రికార్డు ప్రకటన వినిపించారు. కార్యాలయాల వ్యవస్థలోనూ పాత నంబరు చేసినవారికి ఖాళీ శబ్దం కాక, తెలుగులో ఒక వాక్యం వినిపించే ఏర్పాటు చేయవచ్చు. సున్నా తప్పనిసరి అయిన ఆ మార్పు ఈపీఏబీఎక్స్‌లకు కూడా వర్తిస్తుంది. బయటి లైనుకు ఒక సున్నా, మొబైల్‌కు మరొక సున్నా అయినందున, రెండు సున్నాలు కనిపిస్తే ఎస్‌టీడీగా భావించి అడ్డుకునే పాత తాళాలు మొబైల్ కాల్స్‌ను కూడా ఆపివేసే అవకాశం ఉంది. ఈ తాళాలను సరిచూసుకోవాలి.

నెల్లూరు తీరంలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం, తుపానుల కాలం. ఆ మూడు నెలలలో నంబర్ల మార్పిడి పెట్టుకోరాదు. మే నెల కూడా నమ్మదగినది కాదు, 2010లో లైలా తుపాను మే 20న బాపట్ల వద్ద తీరం దాటింది. జనవరి నుండి మార్చి వరకు అనువైన సమయం. ఆ వ్యవధిలో మార్పిడి ముగిస్తే తప్పులు బయటపడి సరిదిద్దుకోవడానికి కొన్ని నెలలు మిగులుతాయి.

పట్టిక ఎవరి వద్ద ఉండాలన్నది ముందుగానే నిర్ణయించాలి. కొత్త ఎక్స్‌టెన్షన్ ఇచ్చే అధికారం ప్రతి కార్యాలయానికీ ఉండవచ్చు, కొత్త స్థలం కోడ్ ఇచ్చే అధికారం మాత్రం జిల్లా కేంద్రంలో ఒక్కరికే ఉండాలి. రద్దయిన నంబరును వెంటనే మరొకరికి ఇవ్వకుండా కొంతకాలం ఖాళీగా ఉంచాలి. కంప్యూటర్‌లో ఉన్న పట్టికతో పాటు ముద్రించిన ప్రతి ఒకటి ప్రతి కంట్రోల్ రూములోనూ ఫోను పక్కన గోడకు ఉండాలి, దానిపై ముద్రించిన తేదీ కనిపించాలి. కార్యాలయాల పూర్తి ఎస్‌టీడీ కోడ్‌లు, ల్యాండ్‌లైన్ నంబర్లు అదే కాగితం కింది భాగంలో చేర్చాలి.